పిల్లల సహాయ కేంద్రంలో ఎవరి పని ఏమిటి? నాలుగో పాఠం: పాపను అడగాల్సింది ఎవరు

లైంగిక వేధింపులకు గురైన పిల్లలకు తోడుండే మన సెంటరులో ఎవరి పని ఏమిటో నేర్చుకుంటున్నాం. పోయిన పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి మీ జవాబులు అందాయి. ఈసారి కౌన్సెలర్ పని, కేసు కోఆర్డినేటర్ పని చెప్దామనుకున్నాను. చెప్తాను గానీ చివర్లో, క్లుప్తంగా. ముందు మీ జవాబుల సంగతి తేల్చాలి.

అభ్యాసం ఇదీ. గాజువాక వైపు ఒక తొమ్మిదేళ్ల పాప క్లాసు టీచరుతో, "మా చినమామయ్య రాత్రిళ్లు నా పక్కనొచ్చి పడుకుంటన్నాడు, నాకొద్దు" అంది. మామయ్య ఉండేది ఆ ఇంట్లోనే. టీచరు మన సెంటరుకు ఫోన్ చేసింది. ఎవరు ఏం చేయాలో వరసగా రాయమన్నాను.

దాదాపు అందరూ సిబ్బంది పేర్లు సరిగ్గానే రాశారు. ఇప్పుడు మీ కాగితం ముందు పెట్టుకుని, అందులో "ఏం జరిగిందమ్మా?" అని పాపను ఎంతమంది అడిగారో లెక్కపెట్టండి. ఫోన్ ఎత్తినావిడ టీచరు చేత అడిగించింది. సపోర్ట్ పర్సన్, అంటే కేసు ముగిసేదాకా పాపకు తోడుండే మనిషి, చాక్లెట్ ఇచ్చి, చేరదీసి, "వివరాలు రాబట్టింది". కౌన్సెలర్ "మనసు విప్పించింది". డైరెక్టరు "నిర్ధారించుకున్నారు". ఆ తరవాత గానీ పోలీసులకు కబురు వెళ్లలేదు. అసలు ప్రశ్నలన్నీ అప్పటికి మొదలవనే లేదు.

ఈ పొరపాటు ప్రేమ వల్లే వస్తుంది, ఆ సంగతి నాకు తెలుసు. పాప బాధలో ఉంది, అడక్కపోతే మనకు మనసొప్పదు. కానీ ఈ కేంద్రాలు పుట్టిందే ఆ అడగడాన్ని ఆపడానికి. 1985లో అమెరికాలోని అలబామా రాష్ట్రం, హంట్స్‌విల్‌లో బడ్ క్రేమర్ అనే ప్రాసిక్యూటర్ మొదటి కేంద్రానికి పూనుకోవడానికి కారణం, ఒక్కో పిల్ల అదే కథను పోలీసుకు, శిశు సంక్షేమ ఉద్యోగికి, డాక్టరుకు, లాయరుకు విడివిడిగా చెప్పి చెప్పి అలిసిపోవడం. అక్కడ శిక్షణ పొందిన ఒక్క మనిషి గదిలో పాపతో మాట్లాడితే, పోలీసు, ప్రాసిక్యూటర్, శిశు సంక్షేమ ఉద్యోగి పక్క గదిలోంచి చూస్తారు. వాళ్లకు ఇంకేమైనా తెలియాలంటే ఆ మనిషి ద్వారానే అడిగిస్తారు.

మన చట్టంలో అంత వెసులుబాటు లేదు. పాప చెప్పక తప్పని చోట్లు కొన్నున్నాయి. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 24వ సెక్షన్ కింద పోలీసులు వాంగ్మూలం తీసుకుంటారు. వీలైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా, పాప ఇంట్లోనో పాప కోరుకున్న చోటో. తరవాత మెజిస్ట్రేటు ముందు. దాన్ని ఇప్పటికీ అందరూ 164 స్టేట్‌మెంట్ అనే అంటున్నారు, 2024 జులై 1 నుంచి అది పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 183వ సెక్షన్. చివరికి ప్రత్యేక కోర్టులో. మధ్యలో డాక్టరు వైద్యానికి కావలసినంత వరకు అడుగుతారు. ఈ లెక్కకు మన సెంటరు ఒక్కటి కూడా కలపకూడదు. ఈ పాఠంలో మీరు ఇంకేం మర్చిపోయినా ఇది మర్చిపోవద్దు.

ఎందుకంత పట్టుదల అని ఇద్దరు ముగ్గురు రాశారు. మూడు కారణాలున్నాయి, కాస్త ఓపిగ్గా చదవండి.

ఒకటి, పిల్లలు అదే ప్రశ్న రెండోసారి వింటే మొదటి జవాబు తప్పేమో అనుకుంటారు. బడిలో వాళ్లకు అలవాటైన పద్ధతి అదే కదా, జవాబు తప్పయితేనే మాస్టారు మళ్లీ అడుగుతారు. కాబట్టి రెండోసారి కాస్త మారుస్తారు, మూడోసారి పెద్దవాళ్ల మొహం చూసి ఇంకాస్త మారుస్తారు. అబద్ధం ఆడుతున్నారని కాదు. మనల్ని మెప్పించాలని చూస్తారు.

రెండు, ఆ మార్పులన్నీ కోర్టులో లెక్కకొస్తాయి. టీచరుతో "పక్కన పడుకుంటన్నాడు" అంది. మనతో "పట్టుకున్నాడు" అంది. ఎస్సైతో ఇంకోలా అంది. పోక్సో 33వ సెక్షన్ ప్రకారం డిఫెన్స్ లాయరు పాపను నేరుగా ప్రశ్నించకూడదు, ప్రశ్నలు జడ్జి ద్వారానే వెళ్లాలి. అయినా మూడు మాటల మధ్య తేడా తేడాగానే ఉంటుంది. ఆ మూడింటిలో ఒకటి మన వల్ల పుట్టిందైతే పాపకు మనం చేసిన సాయం ఏమున్నట్టు?

మూడు, వివరాలు విన్న సపోర్ట్ పర్సన్‌ను సాక్షిగా పిలిచే వీలుంది. పాప చేయి పట్టుకుని పక్కన కూర్చోవాల్సిన మనిషి అప్పుడు బోనెక్కాల్సి వస్తుంది.

ఇక ప్రశ్నల తీరు. మీ జవాబుల్లోంచే కొన్ని తీసుకుంటాను. "మామయ్యేనా అమ్మా?" ఇందులో పేరు మనమే ఇచ్చేశాం. "ఎక్కడ ముట్టుకున్నాడు?" ముట్టుకున్నాడని పాప అనలేదు. "రోజూ చేస్తాడా, ఎప్పుడో ఒకసారా?" రెండే దారులు చూపించాం, అసలు సంగతి మూడో దారిలో ఉండొచ్చు. "అప్పుడే ఎందుకు చెప్పలేదు?" ఇది ప్రశ్న కూడా కాదు, నింద. "నువ్వు చెప్తే వాణ్ని జైల్లో పెట్టిస్తాం." పాపకు మామయ్య మీద ప్రేమ కూడా ఉండొచ్చు. ఈ మాటతో నోరు మూతపడుతుంది. "మంచి పిల్లవి కదూ, చెప్పు." అంటే చెప్పకపోతే చెడ్డ పిల్లా?

శిక్షణ పొందినవాళ్లు అడిగేవి ఎంత పొట్టిగా ఉంటాయో గమనించండి. మొదట నియమాలు చెప్తారు: తెలియకపోతే తెలీదను, నేను తప్పుగా అంటే నన్ను దిద్దు. తరవాత పోయిన పండగ రోజు ఏం చేశారో మొదట్నుంచి చెప్పించి, పాపకు పొడుగ్గా చెప్పడం అలవాటు చేస్తారు. ఆ తరవాతే, "ఇవాళ నాతో ఏం మాట్లాడదామని వచ్చావు?" "తరవాత?" "లోన అన్నావు కదా, ఆ లోన గురించి చెప్పు." అంతే.

మరి పాప తనంతట తనే మొదలుపెడితే? సపోర్ట్ పర్సన్‌తో ఆటోలో వెళ్తూ ఎన్‌ఏడీ జంక్షన్ దాటగానే చెప్పడం మొదలెట్టొచ్చు. ఆపకండి. "ఇప్పుడు కాదమ్మా, మేడంతో చెప్దువు గాని" అనకండి, రెండోసారి చెప్పదు. వినండి, తల ఊపండి, "చెప్పినందుకు మంచిదైంది" అనండి. ఒక్క ప్రశ్న కూడా వేయొద్దు. పాప దిగాక వెంటనే, పాప వాడిన మాటలే రాయండి. "లోనకి తోసీసినాడు" అంటే లోనకి తోసీసినాడు అనే రాయండి. దాన్ని "గదిలోకి బలవంతంగా నెట్టాడు" అని రాసినవాళ్లు రెండు తప్పులు చేశారు. గది అని పాప అనలేదు, బలవంతంగా అనీ అనలేదు. భాష బాగుచేయడం మన పని కాదు. తేదీ, టైము, పక్కనెవరున్నారు, అంతకు ముందు మీరేమన్నారు, ఇవీ ఉండాలి.

ఇప్పుడు అభ్యాసానికి సరైన వరస చెప్తాను. ఫోన్ ఎత్తిన మనిషితో మొదలుపెడతాను. ఆ కుర్చీ నాకు డైరెక్టరు కుర్చీ కన్నా ముఖ్యం, అందుకే అక్కడ కొత్తవాళ్లను కూర్చోబెట్టడం నాకు ఇష్టం ఉండదు. నేను నేర్పే పద్ధతిలో ఆవిడ టీచరును అడగాల్సినవి నాలుగే: పాప అన్న మాటలు ఏమిటి, ఎప్పుడు అంది, పాప ఇప్పుడు ఎక్కడుంది, ఆ మనిషి సాయంత్రం ఇంట్లో ఉంటాడా. ఆ నాలుగో ప్రశ్న మీలో చాలామంది రాయలేదు. దాని మీదే ఆ రోజు రాత్రి ఆధారపడి ఉంది. తరవాత టీచరుకు స్పష్టంగా చెప్పాలి: మాకు ఫోన్ చేయడంతో మీ బాధ్యత తీరదు, పోక్సో 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలపాలి, రుజువు అక్కర్లేదు, అనుమానం చాలు, తెలపకపోతే 21వ సెక్షన్ కింద మీకే శిక్ష. ఆవిడ భయపడితే ఫోన్ పెట్టేయకుండా లైనులోనే ఉండి చేయించండి. దిక్కుతోచకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఎప్పుడూ ఉంది.

పోలీసులు 24 గంటల్లోపు, పిల్లల రక్షణ చూసే జిల్లా బాలల సంక్షేమ కమిటీకి, ప్రత్యేక కోర్టుకు తెలపాలి. ఇక్కడ ఇంకో గందరగోళం చూశాను. తెలపడం వేరు, పాపను కమిటీ ముందుకు తీసుకెళ్లడం వేరు. తీసుకెళ్లాల్సింది మూడు సందర్భాల్లో: చేసిన మనిషి అదే ఇంట్లో ఉన్నప్పుడు, పాప తల్లిదండ్రుల ఆసరా లేకుండా ఏదైనా హాస్టల్‌లోనో హోమ్‌లోనో ఉన్నప్పుడు, అసలు ఇల్లూ తల్లిదండ్రులూ లేనప్పుడు. మన అభ్యాసంలో మామయ్య అదే ఇంట్లో ఉన్నాడు కాబట్టి తీసుకెళ్లాలి. ఇంట్లో ఉంచాలా, వేరే చోటా అన్నది కమిటీ మూడు రోజుల్లో తేలుస్తుంది. ఆ నిర్ణయం మనది కాదు, మామయ్యను ఇంట్లోంచి పంపించేయమని తల్లికి మనం తీర్పు చెప్పకూడదు.

సపోర్ట్ పర్సన్‌ను ఇచ్చేది కూడా కమిటీయే, పాప, తల్లిదండ్రుల ఇష్టంతో. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పాక ఈ పాత్రను ఎవరూ తేలిగ్గా తీసుకోవడానికి లేదు. ఆ మనిషి పని కబుర్లు చెప్పడంతో అయిపోదు. ఏ రోజు ఎక్కడికి వెళ్లాలో ముందుగా చెప్పడం, కోర్టు హాలు ఎలా ఉంటుందో చూపించడం, బడి మానకుండా చూడటం, తక్షణ ఖర్చులకు డబ్బు, మధ్యంతర పరిహారం గురించి కుటుంబానికి చెప్పి దరఖాస్తు వెళ్లేలా చూడటం, విచారణ ముగిసేదాకా నెలనెలా కమిటీకి నివేదిక. ఇంత పనిలో "ఏం జరిగింది?" అని అడగాల్సిన చోటు ఎక్కడా లేదు, గమనించారా?

డాక్టరు గురించి రెండు మాటలు. ఎఫ్ఐఆర్ లేకపోయినా పరీక్ష చేయొచ్చు, కాగితాలు తెమ్మని వైద్యం ఆపకూడదు. ఆడపిల్లకు మహిళా డాక్టరు. ఘటన జరిగి 96 గంటలు దాటకపోతే విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కు వెళ్లడం మిగతా అన్నిటికన్నా ముందు. దాటినా వైద్యం కోసం వెళ్లాల్సిందే.

ఇక ముందు గది. మన దగ్గర ఎక్కువసార్లు తల్లే పాపను పదేపదే అడుగుతుంది, ఏడుస్తూ ఒక్కోసారి చెయ్యి కూడా చేసుకుంటుంది. అక్కడున్న మనిషి తల్లికి చెప్పాల్సిన మాట నేనే ఇస్తాను, బట్టీ పట్టండి: "అమ్మా, మీరు అడక్కండి, అడగాల్సినవాళ్లు అడుగుతారు. మీరు పక్కన కూర్చుని అన్నం తినిపించండి." అవతలి వైపు బంధువులు అదే బెంచీ మీదికి రాకుండా చూడటం కూడా ఆ మనిషి పనే. ఇంటిమాట కాబట్టి మేనత్తలు, తాతలు తప్పకుండా వస్తారు.

కౌన్సెలర్. జరిగింది తవ్వడం ఆవిడ పని కాదు. నిద్ర, తిండి, భయం, బడి, వీటి మీద పనిచేస్తుంది. నమ్మకం కుదిరి పాపే చెప్తే విని, ఇందాక చెప్పినట్టు రాస్తుంది. అధికారుల కోసం పాపను ఇంటర్వ్యూ చేసిన మనిషే కౌన్సెలర్‌గా కొనసాగకూడదు. చిన్న సెంటర్లలో మనుషులు చాలక ఇద్దరి పనీ ఒకరికే ఇస్తారు. నేను ఒప్పుకోను. ఆ ఒక్క చోట బయటినుంచి మనిషిని తెచ్చుకోండి.

కోఆర్డినేటర్ చేతిలో ఒక రిజిస్టర్ ఉంటుంది: ప్రతి కేసుకూ తరవాతి వాయిదా, ఎవరు ఫోన్ చేయాలి, చేశారా. కోర్టు కేసును స్వీకరించాక 30 రోజుల్లో పాప సాక్ష్యం, సాధ్యమైనంత వరకు ఏడాదిలో విచారణ పూర్తవ్వాలని పోక్సో 35వ సెక్షన్ అంటుంది. వాయిదాల మధ్య ఖాళీలోనే పెద్దమనుషులు రాజీకి వస్తారు. పోక్సో కేసు రాజీతో కొట్టేయడం కుదరదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ మాట కుటుంబానికి మొదటి వారంలోనే చెప్పి ఉంచాలి, ఒత్తిడి వచ్చాక చెప్తే ఆలస్యమే.

అభ్యాసం

మొదటిది ఇంట్లో చేయండి. మీకు తెలిసిన ఏడెనిమిదేళ్ల పిల్లను నిన్న బళ్లో ఏమైందో చెప్పమనండి. పావుగంట. "చెప్పు", "తరవాత?", "దాని గురించి ఇంకొంచెం చెప్పు" ఈ మూడే వాడాలి. పెద్దవాళ్ల అనుమతితో రికార్డు చేసి, ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టండి. మీ నోటినుంచి జారిన మిగతా ప్రశ్నలన్నిటి కిందా గీత గీయండి. గీతలు అయిదుకు మించితే ఇంకో రోజు మళ్లీ చేయండి.

రెండోది రాసి పంపండి. రాత్రి తొమ్మిది. పాడేరు మన్యం నుంచి పదకొండేళ్ల బాబును చిన్నాన్న కేజీహెచ్‌కు తెచ్చాడు. బాబుకు కువి అనే గిరిజన భాష వచ్చు, తెలుగు కొద్దిగా. తల్లి ఊళ్లోనే ఉంది. చిన్నాన్న ఏమీ చెప్పడు, బాబును ఒంటరిగా వదలడు. పాడేరు 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా, ఆసుపత్రి విశాఖలో. ఎవరికి ముందు ఫోన్ చేయాలి, ఏ పోలీసులు, ఏ జిల్లా కమిటీ, దుబాసీగా ఎవరు ఉండొచ్చు, చిన్నాన్న ఉండొచ్చా, మగపిల్లాడు కాబట్టి ఏం మారుతుంది, ఏం మారదు, ఆ రాత్రి బాబు పక్కన ఎవరు పడుకోవాలి. ఉదయం తొమ్మిది దాకా గంటగంటకూ రాయండి. ప్రతి మనిషి పేరు పక్కన రెండు గడులు గీయండి: బాబును ఏం అడుగుతారు, ఏం అడగరు. రెండో గడి ఖాళీగా ఉన్న జవాబులు దిద్దకుండా తిప్పి పంపుతాను.