క్యాస్ ఫైల్లో పాఠానికి చోటు: పదోన్నతికి బోధన ఆధారాలు కూర్చుకోవడం ఎలా

క్యాస్ (కెరీర్ అడ్వాన్స్‌మెంట్ స్కీమ్, అంటే కాలేజీ, యూనివర్సిటీ అధ్యాపకుల పదోన్నతి పథకం) దరఖాస్తు నింపేటప్పుడు పరిశోధన పత్రాల జాబితా పది నిమిషాల్లో దొరుకుతుంది. ఏళ్ల తరబడి చెప్పిన పాఠాలకే రుజువు కనిపించదు. ఉస్మానియా కింది కాలేజీ అయినా, గచ్చిబౌలి క్యాంపస్ అయినా ఇదే తంతు. కాబట్టి బోధన ఫైలు సెమిస్టర్ మొదటి వారంలోనే తెరవాలి.

ముందు నిబంధన చూద్దాం. యూజీసీ 2018 రెగ్యులేషన్ల ప్రకారం, కేటాయించిన క్లాసుల్లో 80 శాతం, ఆపైన తీసుకుంటే బోధన గ్రేడు ‘గుడ్’. 70కి తగ్గకుండా ఉంటే ‘సంతృప్తికరం’. ఎన్ని క్లాసులు చెప్పారన్న లెక్కే తప్ప, ఎలా చెప్పారన్న ఊసు లేదు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటలు. 15 వారాల సెమిస్టర్ అయితే 240, అందులో 80 శాతం 192. బోనాలు, నిమజ్జనం, ఇన్విజిలేషన్ కలిస్తే ఆ 48 గంటల వెసులుబాటు ఇట్టే కరిగిపోతుంది. సెలవు రోజు పీరియడ్లు ‘కేటాయించిన’ లెక్కలో ఉంటాయా, తీసేస్తారా అన్నది ఐక్యూఏసీతో (కాలేజీలో నాణ్యత చూసే అంతర్గత విభాగం) ముందే రాతలో తేల్చుకోండి. అదనపు క్లాసు తీసుకుంటే అదే రోజు రిజిస్టర్‌లో రాసి హెచ్‌ఓడీ (శాఖాధిపతి) సంతకం తీసుకోండి. నెల తర్వాత రాసినదాన్ని ఎవరూ నమ్మరు. ప్రసూతి, మెడికల్ లీవు వంటి జీతంతో కూడిన సెలవుల కాలాన్ని గ్రేడింగ్‌లోంచి మినహాయించాలని నిబంధనలోనే ఉంది. లీవు ప్రొసీడింగ్స్ కాపీ జతచేయడం మాత్రం మన పని.

ఇక అవే రెగ్యులేషన్లలో అకడమిక్, పరిశోధన స్కోరు కింద ఇచ్చే పాయింట్లు. కొత్త కోర్సు రూపొందిస్తే 2, వినూత్న బోధన పద్ధతికి 5, నాలుగు క్రెడిట్ల మూక్ (అందరికీ తెరిచి ఉండే ఆన్‌లైన్ కోర్సు) పూర్తిగా తయారుచేస్తే 20. హ్యుమానిటీస్‌లో ఒక్క పత్రానికి 10. అంటే అయిదు కొత్త కోర్సులు ఒక పత్రంతో సమానమన్నమాట! ఈ తూకం సరికాదు. అయినా ఉన్న 5 పాయింట్లను కూడా చాలామంది పోగొట్టుకుంటారు. ‘వినూత్నంగా బోధించాను’ అని రాసి, కింద ఒక పీపీటీ ప్రింటు పెడితే కమిటీ ఏం చూసి ఇస్తుంది?

కమిటీకి చూపాల్సింది మార్పు. డిగ్రీ ఎకనామిక్స్‌లో డిమాండు వ్యాకోచత్వాన్నే (ధర మారితే డిమాండు ఎంతగా మారుతుందో చెప్పే కొలత) తీసుకోండి. సరళరేఖగా ఉన్న డిమాండు రేఖ మీద అన్నిచోట్లా వ్యాకోచత్వం ఒకటేనని పిల్లలు పొరబడతారు. నిజానికి మధ్య బిందువు దగ్గర ఒకటి, పైన ఎక్కువ, కింద తక్కువ. యూనిట్ మొదలుపెట్టే ముందు అయిదు ప్రశ్నలు, పది నిమిషాల పరీక్ష పెట్టండి. యూనిట్ ముగిసిన రెండు వారాలకు అవే భావనలతో, అంకెలు మార్చి మళ్లీ పెట్టండి. వెంటనే పెడితే తెలిసేది జ్ఞాపకశక్తే. ఫైల్లో ఇలా రాస్తే చాలు: ‘57 మందిలో ముందు 11 మంది సరిగ్గా రాశారు, తర్వాత 38. మధ్యలో చేసింది: మూడు బిందువుల దగ్గర విద్యార్థులతోనే లెక్క కట్టించడం.’ మిగిలిన 19 మంది ఎక్కడ తప్పారో కూడా ఒక వాక్యం రాయండి. తప్పులు దాచిపెట్టిన ఫైలు కంటే ఇది ఎక్కువ నమ్మిస్తుంది. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ల కోసం పదాల పట్టిక చేసి ఉంటే అదీ జతచేయండి.

విద్యార్థుల ఫీడ్‌బ్యాక్‌కు ఆరో, ఏడో వారం మంచిది, దిద్దుకునే వ్యవధి ఉంటుంది. ఇంటర్నల్ మార్కులు వేసే ముందు తీసుకుంటే అందరూ అయిదుకు అయిదే ఇస్తారు. ‘సగటు 4.6’ అని ఒక్క ముక్క రాస్తే ఏమీ రాయనట్టే. 60 మందిలో ఎందరు నింపారు, ఒకటీ రెండూ ఎందరిచ్చారు, వాళ్ల మాట విని ఏం మార్చారు అన్నవి కావాలి.

సహోద్యోగిని క్లాసుకు పిలవడం మన దగ్గర ఇంకా తనిఖీలా అనిపిస్తుంది. సెమిస్టర్‌కు ఒక్కసారి, వేరే డిపార్ట్‌మెంట్ నుంచి ఒకరిని పిలవండి. ఆయన చూడాల్సింది మిమ్మల్ని కాదు, పిల్లల్ని. అయిదేసి నిమిషాలకు వాళ్లేం చేస్తున్నారో (రాస్తున్నారా, అడుగుతున్నారా, ఫోన్ చూస్తున్నారా) నోట్ చేసి ఒక పేజీ ఇస్తే చాలు. వచ్చేవారు మీ స్క్రీనింగ్ కమిటీలో ఉండే మనిషి కాకూడదు.

హెచ్‌ఓడీలకు ఒక మాట. వంద మంది ఉన్న ఫస్టియర్ సెక్షన్‌ను ఎప్పుడూ జూనియర్‌కే అంటగట్టకండి. అంటగడితే ఆ సంగతి అప్రైజల్లో రాయండి.

మొత్తం పన్నెండు పేజీలు దాటనివ్వకండి. సర్టిఫికెట్లు, ఫొటోలు అన్నీ అనుబంధంలోకి.