స్లో కుక్కర్‌లో క్రిస్మస్ ఫ్రూట్ కేకు చేయడం ఎలా?

ఆస్ట్రేలియాలో క్రిస్మస్ నడివేసవిలో వస్తుంది. బయట ఎండ మండిపోతుంటే ఇంట్లో గంటల తరబడి ఓవెన్ వేడిచేయాలని ఎవరికీ అనిపించదు. అక్కడ చాలామంది పండుగ కేకును స్లో కుక్కర్‌కు, అంటే సన్నటి వేడి మీద గంటల తరబడి వండే కరెంటు కుక్కర్‌కు, అప్పగించేస్తారు. మూడే మూడు దినుసులు: ఎండుపండ్లు, పిండి, పండ్లు నానడానికి ఏదో ఒక ద్రవం. గుడ్డు, వెన్న ఉండవు కాబట్టి సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో గుడ్డు తినని తెలుగు కుటుంబాలకూ ఇది కలిసొస్తుంది.

పండ్లను ఐస్డ్ కాఫీలో నానబెట్టడం అక్కడి అలవాటు. నా ఓటు మాత్రం పాలు కలపని టీ డికాషన్‌కే. తీపి కాఫీ, తీపి పండ్లు కలిస్తే రెండో ముక్కకే మొహం మొత్తుతుంది. టీలోని వగరు ఆ తీపికి కళ్లెం వేస్తుంది.

ఐదారు లీటర్ల కుక్కర్‌కు 1 కిలో ఎండుపండ్లు, 600 మిల్లీలీటర్ల డికాషన్, 300 గ్రాముల సెల్ఫ్ రైజింగ్ పిండి సరిపోతాయి. ఆ పిండి దొరకకపోతే 300 గ్రాముల మైదాలో 4 టీస్పూన్ల బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు కలిపి రెండుసార్లు జల్లించండి. పండ్లలో సగం కిస్‌మిస్ ఉండాలి. మిగతా సగం నల్ల ఎండుద్రాక్ష, గింజ తీసిన ఖర్జూరం, అంజీరం, చెర్రీలు, పాకంలో ఊరిన నారింజ తొక్క. టూటీ ఫ్రూటీ ఒక గుప్పెడు మించనివ్వకండి. అది చక్కెర పాకం పట్టిన పచ్చి బొప్పాయి, దానివల్ల కేకుకు రంగే తప్ప రుచి రాదు. విడిగా చక్కెర అక్కర్లేదు.

ముందురోజు రాత్రి పండ్లను చిన్న ముక్కలుగా తరిగి, వేడి డికాషన్ పోసి మూతపెట్టండి. చల్లారాక ఫ్రిజ్‌లో ఉంచండి. తెల్లారేసరికి పండ్లు ఉబ్బి, అడుగున కొద్దిగా ద్రవం మిగులుతుంది. దాన్ని పారబోయవద్దు, పిండి తడవాల్సింది దాంతోనే. పండ్లను కాసేపు బయట ఉంచి చలి పోనివ్వండి. తర్వాత పిండి, ఒక టీస్పూను దాల్చినచెక్క పొడి, కాస్త జాజికాయ పొడి వేసి గరిటెతో కలపండి. పొడిపిండి కనబడకుండా పోగానే ఆపేయాలి, ఇంకా కలిపితే కేకు సాగుతుంది. ముద్ద గట్టిగా ఉంటుంది, కంగారుపడి నీళ్లు పోయకండి.

కుక్కర్ గిన్నెలో అడుగుకూ అంచులకూ బేకింగ్ పేపర్ రెండు పొరలు పరచండి. పక్కల మాడకుండా కాపాడేది అదే. కేకును పైకి లేపడానికి వీలుగా అంచులు పొడుగ్గా వదలండి. పిండి ముద్దను అందులో వేసి పైన చదును చేయండి.

ఇక అసలు సంగతి ఆవిరి. ఓవెన్‌లో తేమ బయటికి పోతుంది, స్లో కుక్కర్‌లో పోదు. ఇడ్లీ పాత్ర మూత ఎత్తినప్పుడు నీళ్లు కారినట్టే ఇక్కడా మూతకు పట్టిన ఆవిరి చుక్కలై కేకు మీద పడుతుంది, పైభాగం జిగురుగా తయారవుతుంది. అందుకే గిన్నె మీద ఉతికిన నూలు తువ్వాలును బిగువుగా పరిచి, దానిపై మూత పెట్టండి. చుక్కలన్నీ గుడ్డ పీల్చుకుంటుంది. గుడ్డ కొసలు కుక్కర్ వేడి ఒంటికి తగులుతూ వేలాడకూడదు, నాలుగూ పైకి మడిచి మూత పిడి దగ్గర ముడివేయాలి. మధ్యలో గుడ్డ బాగా తడిస్తే చప్పున మరోటి మార్చండి. అంతకుమించి మూత ఎత్తవద్దు, ఎత్తిన ప్రతిసారీ వేడి జారిపోతుంది.

‘హై’ మీద రెండు నుంచి రెండున్నర గంటలు, ‘లో’ మీద దాదాపు నాలుగు గంటలు పడుతుంది. కుక్కర్‌ను బట్టి ఇది మారుతుంది కాబట్టి గడియారం కంటే పుల్లను నమ్మండి. నడిమధ్యలో గుచ్చి తీస్తే పచ్చిపిండి అంటకూడదు. పండు జిగురు అంటితే ఫర్వాలేదు. మామూలు రైస్ కుక్కర్‌తో ఈ పని జరగదు, గిన్నె బాగా వేడెక్కగానే దాని స్విచ్ ఎగిరిపోతుంది.

పైభాగం ఓవెన్ కేకులా ఎర్రబడదు, పాలిపోయి ఉంటుంది. బోర్లిస్తే సరి, గోధుమరంగు అడుగుభాగం పైకి వస్తుంది. గిన్నెలోనే పావుగంట ఉంచి, కాగితంతో సహా ఎత్తి జల్లెడ స్టాండు మీద పెట్టండి. పూర్తిగా చల్లారాకే కోయండి, లేదంటే ముక్క విరిగిపోతుంది. వెన్న లేని కేకు త్వరగా ఎండుతుంది కాబట్టి గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, వారం రోజులు బాగుంటుంది.