దాడి హెలికాప్టర్ దళాన్ని చదవడం – 4వ పాఠం: ముహూర్తం నుంచి వెనక్కి లెక్క

గత పాఠంలో ఇచ్చిన అభ్యాసానికి సమాధానంతో మొదలుపెడదాం. 1980 ఏప్రిల్‌లో ఇరాన్ రాజధాని టెహ్రాన్‌లో బందీలైన అమెరికన్లను విడిపించడానికి అమెరికా విమానవాహక నౌక నుంచి బయలుదేరిన హెలికాప్టర్లు 8. వాటిలో ఇరాన్ ఎడారిలోని మజిలీకి చేరినవి 6. అక్కడ ఒకటి మొరాయించగా పనికివచ్చేవి 5 మిగిలాయి. పథకం ముందుకు సాగాలంటే కనీసం 6 ఉండాలి కాబట్టి ప్రయత్నాన్ని విరమించారు. అదే నష్టపు పాళ్లు ఉంటాయనుకుంటే మొదట ఎన్ని పంపి ఉండవలసింది అని అడిగాను. ఎనిమిదింటిలో అయిదు మిగిలాయి కాబట్టి తొమ్మిది పంపితే అయిదున్నర, పది పంపితే ఆరుకు కొద్దిగా పైన వస్తుంది. అందువల్ల సమాధానం 10. అయితే ఇది జరిగిపోయిన తరువాత వేసిన లెక్క అని, ముందు రోజు ఆ పాళ్లు ఎవరి చేతిలోనూ లేవని గుర్తుంచుకోవాలి. ఆ రాత్రి అసలు ప్రాణనష్టం శత్రువు వల్ల కాక, వెనుదిరిగే వేళ ఒక హెలికాప్టర్ ఇంధనం తెచ్చిన రవాణా విమానాన్ని ఢీకొనడం వల్ల జరిగింది. ఎనిమిది మంది మరణించారు. చీకటిలో, ధూళిలో, నేల మీద ఇంధనం నింపుకోవడం ఎంత ప్రమాదమో చెప్పే ఈ సంఘటన నేటి పాఠంలో మళ్లీ అవసరమవుతుంది.

నేడు నేర్చుకోవలసిన నేర్పు ఒక్కటే: దాడి జరగవలసిన క్షణాన్ని కాగితం అడుగున రాసుకుని, అక్కడి నుంచి పైకి, అంటే కాలంలో వెనక్కి, ఒక్కొక్క మెట్టుగా లెక్క కట్టడం. ఇది మనకు కొత్త విద్య కాదు. పెళ్లి ముహూర్తం తెల్లవారుజామున 3 గంటలకు పడితే, మగపెళ్లివారి బస్సు విడిదికి ఎప్పుడు చేరాలో, అందుకోసం ఊరి నుంచి ఎప్పుడు కదలాలో పెద్దవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పేవారు. ముహూర్తం కదలదు, కదిలేవన్నీ దానికి ముందున్నవే. కాగితం, పెన్సిలు, వీలైతే పశ్చిమాసియా పటం దగ్గర పెట్టుకోండి.

నేటి ఉదాహరణ 1991 జనవరి 17 నాటిది. కువైట్‌ను ఆక్రమించిన ఇరాక్ మీద వాయుదాడి మొదలయ్యే ముహూర్తం బాగ్దాద్ కాలమానం ప్రకారం తెల్లవారుజామున 3 గంటలు. సౌదీ అరేబియా సరిహద్దుకు దగ్గరగా, ఇరాక్ పశ్చిమ ఎడారిలో ఉన్న రెండు రాడార్ కేంద్రాలు అప్పటికే మూగపోయి ఉంటే, ఆ సందులోంచి యుద్ధ విమానాలు లోపలికి వెళ్లగలవు. ఈ పనిని అమెరికా 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌కు చెందిన, అపాచీ అనే దాడి హెలికాప్టర్ల పటాలానికి అప్పగించారు. లెఫ్టినెంట్ కల్నల్ డిక్ కోడీ దాని అధిపతి. దారి చూపడానికి అమెరికా వైమానిక దళానికి చెందిన పేవ్ లో అనే భారీ హెలికాప్టర్లు ముందు నడిచాయి. ఈ ఉమ్మడి బృందానికి టాస్క్ ఫోర్స్ నార్మండీ అని పేరు పెట్టారు. ఒక చిన్న మాట: ఇదే అపాచీ రకానికి చెందిన నేటి హెలికాప్టర్ల దేహభాగాలు 2018 నుంచి హైదరాబాద్ శివారులోని ఆదిభట్లలో తయారై ఎగుమతి అవుతున్నాయి. అందువల్ల ఈ యంత్రం మనం అనుకున్నంత పరాయిది కాదు.

మొదటి మెట్టు: లక్ష్య సమయం ఎక్కడి నుంచి వచ్చింది? రాడార్లను కొట్టిన సమయం 2 గంటల 38 నిమిషాలు, అంటే ముహూర్తానికి 22 నిమిషాల ముందు. ఈ 22 ఎవరి ఇష్టం కొద్దీ వచ్చిన సంఖ్య కాదని మీరే సరిచూడండి. యుద్ధ విమానం 480 నాట్ల వేగంతో పోతోందనుకుందాం. నాట్లంటే ఇక్కడ వరినాట్లు కావు. గంటకు ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు పోతే ఒక నాట్. ఆ లెక్కన విమానం నిమిషానికి 8 నాటికల్ మైళ్లు, 22 నిమిషాలకు 176 నాటికల్ మైళ్లు, సుమారు 326 కిలోమీటర్లు పోతుంది. రాడార్ పోయిన మరుక్షణం సరిహద్దు దాటిన విమానం, ముహూర్తానికి అంత లోతుకు చేరగలదు. మరీ ముందుగా కొడితే బాగ్దాద్ మేలుకుంటుంది. మరీ ఆలస్యంగా కొడితే విమానాలు తెరిచి ఉన్న రాడార్ కంటికి కనిపిస్తాయి. రెండు కేంద్రాలనూ ఒకే క్షణాన కొట్టడమూ అందుకే తప్పనిసరి అయింది, ఎందుకంటే ఒకటి పడితే రెండోది వెంటనే కబురు పంపుతుంది. అపాచీలను నాలుగేసి చొప్పున రెండు జట్లుగా విడదీసి, ఎరుపు, తెలుపు అని పేర్లు పెట్టారు. తొమ్మిదోది అదనం. ఆ అదనం ఎందుకో మీకు ఇప్పుడు చెప్పనక్కరలేదు.

రెండో మెట్టు: చివరి కొన్ని నిమిషాలు. ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే చాలామంది పాఠకులు పొరపాటు పడేది ఈ చోటనే. అపాచీలో రాత్రిపూట వేడిని బట్టి దృశ్యం చూపే కెమెరా, లేజర్, హెల్‌ఫైర్ క్షిపణి అన్నీ ఉన్నాయి కాబట్టి ఎడారిలో దారి కూడా తెలిసిపోతుందని అనుకుంటారు. ఆనాటి అపాచీ తానెక్కడుందో డాప్లర్ పద్ధతిలో, అంటే నేల మీదుగా తన వేగాన్ని కొలుచుకుంటూ, కూడుకుంటూ తెలుసుకునేది. కూడికలో ప్రతి చిన్న తప్పూ పేరుకుపోతుంది. తప్పు నూటికి ఒకటి అనుకోండి. 180 నాటికల్ మైళ్లు పోయేసరికి 1.8 నాటికల్ మైళ్ల తేడా, అంటే మూడు కిలోమీటర్లకు పైగా. హెల్‌ఫైర్ గరిష్ఠంగా 8 కిలోమీటర్ల దాకా పోతుంది. దాన్ని వదలవలసిన చోటే మూడు కిలోమీటర్లు అటూ ఇటూ అయితే, గుర్తులేని ఎడారిలో లక్ష్యాన్ని వెతకడానికే విలువైన నిమిషాలు పోతాయి. పేవ్ లోలకు ఈ చిక్కు లేదు. వాటిలో ఉపగ్రహాల సాయంతో స్థానం చెప్పే జీపీఎస్, నేల ఎత్తుపల్లాలను చూపే రాడార్ ఉన్నాయి. అందువల్ల అవి లక్ష్యానికి సుమారు పది మైళ్ల ఇవతల, ముందే నిర్ణయించుకున్న చోట, రసాయనంతో వెలిగే చిన్న కాంతికడ్డీల కట్టలను నేల మీదికి జారవిడిచి పక్కకు తప్పుకున్నాయి. వెనుక వస్తున్న అపాచీలు ఆ వెలుగు మీదుగా పోతూ తమ స్థానాన్ని సరిదిద్దుకున్నాయి. ఆనాటి అత్యంత ఖరీదైన యంత్రాలలో ఒకటి నేల మీది గుర్తును చూసి లెక్క సరిచేసుకోవడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే అనిపిస్తుంది.

ఇప్పుడు లెక్క. పది మైళ్లు సుమారు 16 కిలోమీటర్లు. క్షిపణి వదిలే చోటు లక్ష్యానికి 5 కిలోమీటర్ల దూరమనుకుందాం, మిగిలినవి 11. చివరి దారిలో వేగం తగ్గించి 60 నాట్లకు, అంటే నిమిషానికి 1.85 కిలోమీటర్లకు వచ్చారనుకుంటే 6 నిమిషాలు పడుతుంది. కాబట్టి కాంతికడ్డీల మీదుగా పోవలసిన సమయం 2 గంటల 32 నిమిషాలు. ఉత్తర సౌదీలోని అల్ జౌఫ్ నుంచి అక్కడికి గంటన్నర ప్రయాణమని అభ్యాసం కోసం తీసుకోండి. నేల విడవవలసిన సమయం 1 గంట 2 నిమిషాలు. నేల మీద ఇంజన్లు తిరుగుతూ పరీక్షలు జరిగేందుకు అరగంట వేస్తే పైలట్లు తమ సీట్లలో ఉండవలసింది 12 గంటల 32 నిమిషాలకు. మీ కాగితం మీద ఇప్పటికి నాలుగు సమయాలు, కింది నుంచి పైకి, వచ్చి ఉండాలి.

మూడో మెట్టు: ఇంధనం. ఇక్కడే కోడీ తీసుకున్న నిర్ణయం ఉంది. అపాచీ లోపలి ట్యాంకులలో సుమారు 1,400 లీటర్లు పడుతుంది. గంటకు 550 లీటర్లు ఖర్చవుతుందని మన లెక్కకు అనుకుందాం. రెండున్నర గంటలలో ట్యాంకు ఖాళీ. కానీ పోవడానికి 90, చివరి దారికి 6, కాల్పులకు 4, తిరిగి రావడానికి 90, మొత్తం 190 నిమిషాలు కావాలి. అందరికీ తోచే మార్గం ఎడారి మధ్యలో ఎక్కడో దిగి ఇంధనం నింపుకోవడం. మొదటి పేరాలో చెప్పిన రాత్రి గురించి తెలిసినవారికి ఆ మార్గం మీద మనసు పోదు. కోడీ దాన్ని వదిలేసి, హెలికాప్టర్ పక్కలనుండే పొట్టి రెక్కల కింద ఆయుధాలు తగిలించే నాలుగు స్థానాలలో ఒకదానికి 230 గాలన్ల, అంటే సుమారు 870 లీటర్ల అదనపు ట్యాంకు తగిలించాడు. ఇప్పుడు మొత్తం 2,270 లీటర్లు. ప్రయాణానికి సుమారు 1,740, నేల మీద ఇంజన్లు తిరిగినందుకు 150 తీసివేస్తే 380 మిగులుతాయి. అంటే దారి తప్పినా, ఎదురుగాలి వీచినా, 40 నిమిషాల వెసులుబాటు.

ఆ వెసులుబాటుకు వెల ఉంది. ఇంధనం లీటరుకు 0.8 కిలోల చొప్పున ట్యాంకులోని సరుకే 700 కిలోలు. ఒక్కో హెల్‌ఫైర్ సుమారు 45 కిలోలు. అంటే ఆ ట్యాంకు పదిహేను క్షిపణుల బరువు. నాలుగు స్థానాలలో ఒకటి ట్యాంకుకు, ఒకటి 19 రాకెట్ల గొట్టానికి పోగా, మిగిలిన రెండింటికి నాలుగేసి చొప్పున 8 హెల్‌ఫైర్లే పట్టాయి. పూర్తిగా నింపితే 16 మోయగల యంత్రం సగంతో బయలుదేరింది. దాడి హెలికాప్టర్ దళం చేసే ప్రతి పనిలోనూ ఇంధనం, ఆయుధం, సమయం అనే మూడింటి మధ్య ఇలాంటి బేరం ఒకటి దాగి ఉంటుంది. నివేదిక చదివేటప్పుడు శత్రువు యుద్ధ ట్యాంకులు ఎన్ని ధ్వంసమయ్యాయి అన్న సంఖ్య కంటే ముందు ఆ బేరం కోసం వెతకండి.

నాలుగో మెట్టు గురించి తక్కువ మందే రాస్తారు: మనుషులు. కాగితం మీద ఇంకా పైకి పోతే, 12 గంటల 32 నిమిషాలకు సీటులో కూర్చునే మనిషి పగటిపూట నిద్రపోయి ఉండాలి. వెలుతురు, ఇంజన్ల మోత, యుద్ధం ఎప్పుడన్న గుసగుసలు, వీటి మధ్య పగలు నిద్రపోవడం కూడా శిక్షణలో భాగమే. నేల మీది సిబ్బందికి ఆ పాటి నిద్రా ఉండదు. ఎడారి ఇసుక పిండిలాగా సన్నగా ఉండి ఇంజన్ల లోపలికి దూరుతుంది, తిరిగే రెక్కల అంచులను ఆకురాయిలాగా అరగదీస్తుంది. అందువల్ల ప్రతి ఎగురుడు తరువాత కడగడం, తుడవడం, అంచులను పరీక్షించడం, తొడుగులు వేయడం జరగాలి. ఇవన్నీ కూడా ముహూర్తం నుంచి వెనక్కి కట్టిన లెక్కలోనే చేరతాయి.

ఇక ఏం జరిగిందో క్లుప్తంగా చెబుతాను. దీపాలార్పి, రేడియో మౌనంతో, ఇసుకకు వంద అడుగులలోపు ఎత్తులో ఎగిరి, రెండు జట్లూ తమ తమ చోట్లకు సమయానికి చేరాయి. తొలి క్షిపణులు రాడార్ మీదికి కాక విద్యుత్ జనరేటర్లు, సమాచార వాహనాల మీదికి పోయాయి. కబురు పోయే దారి ముందు తెగాలి. తరువాత రాడార్ ఎటూ పోదు. ఆపైన దగ్గరికి జరుగుతూ రాకెట్లు, 30 మిల్లీమీటర్ల తుపాకీ వాడారు. నాలుగైదు నిమిషాలలో పని ముగిసింది. వెళ్లినవన్నీ తిరిగి వచ్చాయి.

అభ్యాసం: 2003 మార్చి 23 రాత్రి, అమెరికా 11వ దాడి హెలికాప్టర్ రెజిమెంటు ఇరాక్‌లోని కర్బలా వైపు, ఇరాక్ సైన్యానికి చెందిన మెదీనా డివిజన్ మీద దాడికి సిద్ధమైంది. బయలుదేరే చోటికి తగినంత ఇంధనం చేరలేదు. ప్రయాణం రెండు గంటలకు పైగా ఆలస్యమైంది. శత్రువు విమాన విధ్వంసక ఆయుధాలను అణచివేయవలసిన కాల్పులు మారిన సమయంతో సరిగా కుదరలేదు. దారిలోని పట్టణాలలో ఒక్కసారిగా దీపాలు ఆరి మళ్లీ వెలిగాయి, ఆ వెంటనే నలువైపుల నుంచి కాల్పులు మొదలయ్యాయి. ఒక అపాచీ కూలి ఇద్దరు బందీలయ్యారు. తిరిగి వచ్చినవాటిలో దాదాపు అన్నీ తూటాల దెబ్బ తిన్నాయి. దాడి సమయాన్ని కాగితం అడుగున రాసి, వెనక్కి ఆరు మెట్లు కట్టండి. ఇంధనం ఆలస్యమని తెలిసిన క్షణాన ఏ ఏ మెట్లను మళ్లీ లెక్కించవలసి ఉందో, ఆ మార్పును ఎవరెవరికి తెలియజేయవలసి ఉందో ప్రతి మెట్టు పక్కన రాయండి. సమాధానం 5వ పాఠం మొదట్లో ఉంటుంది.