దూరపు డ్రెస్సాజ్ పోటీకి గుర్రాన్ని, ట్రైలర్‌ను సిద్ధం చేసుకోవడం

డ్రెస్సాజ్ అంటే రౌతు సైగలకు తగ్గట్టు గుర్రం నేర్చిన నడకలు చూపే పోటీ. అలాంటి పోటీకి హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లాలంటే దాదాపు 570 కిలోమీటర్లు. గుర్రాలతో వెళ్తే 12 గంటలు పట్టొచ్చు. ఎండాకాలంలో సాయంత్రమే బయలుదేరండి. గుర్రాలకు సోకే గ్లాండర్స్ అనే అంటువ్యాధి లేదని చూసే రక్తపరీక్ష ఫలితం రావడానికి రోజులు పడుతుంది, అన్నిటికన్నా ముందు ఆ పని చూసుకోండి.

ట్రైలర్‌లో రబ్బరు చాపలు ఎత్తి, కింది చెక్కను స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి. మొన దిగబడితే మూత్రానికి కుళ్లినట్టే, పలక మార్చండి. పైనుంచి చూస్తే ఇది తెలియదు. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే కొలవండి, స్టెప్నీతో సహా. ఒక్క గుర్రమే అయితే కుడివైపు, అంటే డ్రైవర్ వైపు నిలబెట్టండి. మన రోడ్డు ఎడమ అంచుకు వాలి ఉంటుంది కాబట్టి, బరువు ఎడమవైపు ఉంటే ట్రైలర్ అటే ఒరుగుతుంది.

అసలు ప్రమాదం తల కట్టడంలో ఉంది. తల పైకెత్తి కట్టేస్తే గుర్రం శ్వాసనాళంలోని దుమ్మును, కఫాన్ని దగ్గి బయటికి పంపలేదు. అవి ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా రావచ్చు. అందుకే నాలుగు గంటలకోసారి బండి ఆపి, తాడు వదులు చేసి, అరగంటైనా తల దించనివ్వాలి. అప్పుడే నీళ్లు చూపించండి. గడ్డి తడిపి పెడితే దుమ్ము లేవదు. దాణా ఆ రోజు తగ్గించాలి.

కొత్త ఊరి నీళ్లు కొన్ని గుర్రాలు ముట్టవు. వారం ముందు నుంచే బకెట్లో కాస్త బెల్లం కలిపి అలవాటు చేస్తే అక్కడా అదే రుచి తగులుతుంది.

చేరాక మూడు రోజులు పూటపూటా జ్వరం చూడండి. 38.5 డిగ్రీల సెల్సియస్ దాటితే పశువైద్యుణ్ణి పిలవండి. సొంతంగా నొప్పి మందు వేశారో, డోపింగ్ పరీక్షలో దొరికిపోతారు.