సెకండ్ హ్యాండ్ కారులో తిక్క తిక్క కరెంటు సమస్యలా? ముందు కార్పెట్ ఎత్తి చూడండి

విజయవాడ ఆటోనగర్‌లో కార్ల వైరింగ్ పని చేస్తాను. సెకండ్ హ్యాండ్ బండి కొని నెల తిరక్కుండానే నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఒకే మాటతో మొదలుపెడతారు: "ఇంజన్ సూపర్‌గా ఉందన్నా, మెకానిక్‌ని తీసుకెళ్లి మరీ చూపించాం." నిజమే, ఇంజన్ బాగానే ఉంటుంది. బానెట్ ఎత్తి చూడకుండా కారు కొనేవాడు ఇప్పుడు ఎవడూ లేడు. కాళ్ల కింద ఏముందో చూసి కొన్నవాళ్లను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇంజన్ ఆయిల్, టైర్ల అరుగుదల, టెస్ట్ డ్రైవ్, ఇవన్నీ మీకు తెలుసనే అనుకుని రాస్తున్నా.

సమస్య: రాత్రి ఆపిన బండికి పొద్దున సెల్ఫ్ అందుకోదు

ముందు బ్యాటరీ మీద తేదీ చూడండి. చూడరు! నేరుగా ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసే యంత్రం) విప్పించుకుని వస్తారు. బ్యాటరీకి మూడు నాలుగేళ్లు దాటితే టెస్ట్ చేయించి మార్చేయండి, చాలావరకు కథ అక్కడితో కంచికి.

కొత్త బ్యాటరీ కూడా రెండు రోజుల్లో డౌన్ అయిపోతుంటే ఎక్కడో కరెంటు లీకవుతోంది. నెగటివ్ కేబుల్ విప్పి, కేబుల్‌కీ టెర్మినల్‌కీ మధ్య మల్టీమీటర్ పెట్టి, డోర్లన్నీ లాక్ చేసి అరగంట ఆగండి. 50 మిల్లీఆంపియర్ల లోపు చూపిస్తే మామూలే. అంతకు మించితే పాత ఓనరు ముచ్చటపడి పెట్టించినవన్నీ ముందు పీకేయండి: మ్యూజిక్ సిస్టమ్, జీపీఎస్, డ్యాష్‌క్యామ్, సీట్ల కింద నీలం లైట్లు. నా దగ్గరికొచ్చే లీకేజీల్లో సగానికి పైగా ఇక్కడే తేలిపోతాయి. అవన్నీ పీకేసినా మీటరు దిగకపోతే కింది సమస్య చదవండి.

సమస్య: ఇవాళ ఒకటి పని చేయదు, రేపు ఇంకొకటి

సోమవారం పవర్ విండో దిగదు. బుధవారం దానంతటదే దిగుతుంది, కానీ సెంట్రల్ లాక్ మొరాయిస్తుంది. వాన పడిన రాత్రి ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది, ఎండ కాస్తే ఆరిపోతుంది. ఒక్కో షెడ్డులో ఒక్కో స్విచ్ మార్చి పంపిస్తారు. బిల్లులు పెరుగుతాయి, సమస్య మాత్రం ఊరు తిరుగుతూనే ఉంటుంది.

కారణం నూటికి తొంభైసార్లు ఒకటే. అది వరదలో మునిగిన బండి.

ఇది ఎవరో చెబితే తెలిసిన సంగతి కాదు. 2025 మేలో మా బావమరిదికి ఒక హ్యాచ్‌బ్యాక్ చూడ్డానికి నేనే వెళ్లాను. ఊరి బయట ఒక ఆటో కన్సల్టెన్సీ. బండి తళతళలాడుతోంది. కొత్త సీటు కవర్లు, నేలంతా కప్పేసిన సెవెన్ డీ మ్యాట్లు, తలుపు తీస్తే గుప్పుమనే సెంటు వాసన. బండి కంప్యూటర్‌లో నమోదైన తప్పులు చూపించే స్కానర్ పెట్టాను, ఒక్క తప్పు కోడ్ లేదు. ఏసీ చల్లగా ఉంది, గేర్లు మెత్తగా పడుతున్నాయి. అప్పటికే చీకటి పడుతోంది, మ్యాట్లు చూస్తే గట్టిగా బిగించి ఉన్నాయి, బావమరిదేమో బయానా డబ్బు జేబులో పెట్టుకుని కంగారు పడుతున్నాడు. సరే, తీసుకో అన్నాను.

జూన్‌లో మొదటి పెద్ద వాన పడిన రాత్రి రెండు గంటలకు హారన్ దానంతటదే మోగడం మొదలుపెట్టింది. అపార్టుమెంటంతా లేచింది. వాచ్‌మన్ బ్యాటరీ వైరు లాగేస్తే గానీ ఆగలేదు. పొద్దున్నే ఫోన్: "బావా, నువ్వే చూశావుగా!"

డ్రైవర్ వైపు తలుపు గడప మీద ఉండే ప్లాస్టిక్ పట్టీ ఊడదీసి కార్పెట్ ఎత్తాను. అది ఊడటానికి పట్టింది రెండు నిమిషాలు. కార్పెట్ పైన పొడిగానే ఉంది, కింద ఉన్న ఫెల్ట్ (దళసరి మెత్త) మాత్రం పిండితే నీళ్లు కారేలా ఉంది. సీటు పట్టాల సందులో ఒండ్రు ఎండి, అలుకు పెచ్చులా లేచింది. గడప వెంట వెళ్లే పెద్ద వైరింగ్ కట్ట కనెక్టర్ విప్పితే లోపల పచ్చగా చిలుము. ఒక పిన్ను నా వేలికే విరిగి వచ్చింది.

బండి కొన్న రోజు ఇదంతా ఎందుకు బయటపడలేదో చెబుతాను. నీళ్లు దిగగానే వైరింగ్ చచ్చిపోదు. ఆరబెట్టి స్టార్ట్ చేస్తే అన్నీ పని చేస్తాయి. కానీ కనెక్టర్ లోపల చిక్కుకున్న తడిలో కరెంటు పారుతున్నన్నాళ్లూ రాగిని చిలుము కొంచెం కొంచెంగా తినేస్తుంది. ఎండాకాలంలో పొడిగా ఉంటుంది కాబట్టి పని జరిగిపోతుంది. గాలిలో తేమ పెరగ్గానే ఒక పిన్ను కరెంటు పక్క పిన్నుకు పాకుతుంది. ఏ రోజు ఏ పిన్ను తడిస్తే ఆ రోజు అది తిక్క చేస్తుంది. అందుకే మునిగిన బండ్లు ఎక్కువగా ఎండల్లో అమ్ముడుపోతాయి, వానల్లో నా దగ్గరికి వస్తాయి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి కదా. ఆ బండ్లన్నీ తుక్కుకు పోలేదు. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2015 డిసెంబరులో చెన్నై, అక్కడా అంతే. మునిగిన ఊళ్లోనే అమ్మాలని రూలేం లేదు, నాలుగు జిల్లాలు దాటితే అడిగేవాడుండడు.

కొనేముందు పట్టుకోవాలంటే పావుగంట చాలు, అదీ పగటి పూట. అద్దాలు ఎక్కించి, ఏసీ ఆపి, ఎండలో పది నిమిషాలు నిలబెట్టి అప్పుడు ఎక్కండి. సెంటు వాసన అడుగున ముక్కిపోయిన బట్టల వాసన వస్తే సంగతి తెలిసిపోయినట్టే. సీటు బెల్టు సగం కాదు, ఇక లాగితే రాదన్నంత వరకు లాగండి. కార్పెట్లు మారుస్తారు, సీటు కవర్లు మారుస్తారు, బెల్టు చివరి మూర మీద మట్టి చార మాత్రం మర్చిపోతారు. ముందు సీట్ల బోల్టులు చూడండి, వాటి మీద పానా గాట్లుంటే సీట్లు ఎందుకు విప్పారో అడగండి. డిక్కీలో స్టెప్నీ తీసి దాని గుంటలో చెయ్యి పెట్టండి. చివరికి కార్పెట్. "మ్యాట్లు పాడవుతాయి సార్" అని అమ్మేవాడు అడ్డుపడితే నమస్కారం పెట్టి వచ్చేయండి. నేను ఆ రోజు అడగనైనా అడగలేదు.

స్కానర్‌లో కోడ్లు లేవని మురిసిపోకండి. తుడిచేయడం ఒక్క బటన్ పని. కోడ్లు తుడిచాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చాలా స్కానర్ యాప్‌లు చూపిస్తాయి. అక్కడ 10, 15 కనిపిస్తే పొద్దున్నే మీ కోసం తుడిచారని అర్థం. అలాగే కీ ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని సెకన్లలో ఆరాలి. అసలు వెలగనే వెలగలేదంటే దాన్ని తెంపేసి ఉంటారు.

ఇంకొకటి, పాత ఇన్సూరెన్స్ కాపీ అడగండి. క్లెయిమ్ లేకుండా గడిచే కొద్దీ నో క్లెయిమ్ బోనస్ (ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతూ పోతుంది. ఒకే ఓనరు, నాలుగేళ్ల బండి, పాలసీలో బోనస్ సున్నా అంటే అంతకుముందు ఏదో క్లెయిమ్ చేసి ఉండొచ్చు. ఎందుకో అడగండి. బోనస్ మనిషిదే గానీ బండిది కాదు, కాబట్టి మధ్యలో ఓనరు మారితే ఈ లెక్క పనికిరాదు.

ఇప్పటికే కొనేశారా? నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయన్నదే ప్రశ్న. సీటు కింది దాకా వచ్చి ఆగితే బాగు చేయొచ్చు. సీట్లు, కార్పెట్ మొత్తం బయటికి తీసి, ఫెల్ట్ కొత్తది వేసి, నేల మీది ప్రతి కనెక్టర్ విప్పి కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి, చిలుము తిన్న పిన్నులు మార్చి, ఎర్త్ పాయింట్లన్నీ (నెగటివ్ వైర్లు బాడీకి బిగించే చోట్లు) గీకి మళ్లీ బిగించాలి. నాలుగైదు రోజుల పని, ఒక్క పూటలో చేసి ఇస్తానన్నవాణ్ని నమ్మకండి. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ చాలా కార్లలో గేర్ రాడ్ దగ్గర నేల మీదే ఉంటుంది. అది తడిస్తే రిపేరు చేయించకండి, కొత్తదే వేయించండి. నీళ్లు డ్యాష్‌బోర్డు దాకా వస్తే మాత్రం నేను పని ఒప్పుకోను. మా బావమరిది బండి మొదటి రకం, బతికిపోయింది. కూలి తీసుకోలేదు, తీసుకునే ముఖం లేదు.

సమస్య: బండి ఒక పక్కకు లాగుతోంది

ముందు గాలి, తర్వాత అలైన్‌మెంట్. ముందు చక్రాల టైర్లు రెండూ అటూ ఇటూ మార్చి చూడండి, లాగే వైపు మారితే తప్పు టైరుదే. మారకపోతే తలుపు రబ్బరు బీడింగ్ లాగి లోపలి అంచు చూడండి. కంపెనీ స్పాట్ వెల్డింగ్ గుంటలు ఒకే సైజులో వరసగా ఉంటాయి. వాటి బదులు ఎగుడుదిగుడు వెల్డింగ్ కనిపిస్తే ఆ వైపు గుద్దేసి అతికించారు. దానికి అలైన్‌మెంట్ మందు కాదు.

సమస్య: పేరు మారడం లేదు

ఆర్సీలో పాత ఓనరు బండి అప్పు తాలూకు ఫైనాన్స్ ఎంట్రీ ఉండిపోయి ఉంటుంది. అప్పు తీరిందని అమ్మినవాడు ప్రమాణం చేసినా పనికిరాదు. బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫారం 35 ఇచ్చి ముందు ఆ ఎంట్రీ కొట్టేయించాలి. పేరు మార్పుకు పెట్టే ఫారం 29, 30 మీద అమ్మినవాడి సంతకాలు డబ్బు ఇచ్చేటప్పుడే తీసుకోండి, తర్వాత ఫోన్ ఎత్తడు. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరు మీదికి మార్పించుకోండి.

మిగతావి

నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ తింటోంది, అది మెకానిక్ పని, నాది కాదు. ఈసీఎం (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) కాలిపోయిందని ఎవరైనా చెబితే ముందు ఫ్యూజులు, ఎర్త్ చూపించమనండి, నిజంగా కాలిపోయినవి ఇన్నేళ్లలో నాకు చాలా తక్కువ తగిలాయి. ఎలుకలు కొరికిన వైరైతే బానెట్ ఎత్తగానే పళ్ల గాట్లు కనిపిస్తాయి. అతికించి టేపు చుట్టేస్తే పది నిమిషాల్లో అయిపోతుంది.