శాతం తక్కువ వేశారా? అప్పీలుకు తోడు వెళ్లండి

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో చిన్నాన్న వైకల్య ధ్రువపత్రంలో 35 శాతమే వేశారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కింద ఉద్యోగ రిజర్వేషన్ వంటి వాటికి 40 ఉండాలి. నిర్ణయం వచ్చిన 90 రోజుల్లోగా, ఆ పత్రం నకలు జతచేసి అప్పీలు చేసుకోవాలి. రసీదు మరవకండి.

విచారణకు ముందు ఒక రోజంతా ఆయన పక్కనే ఉండి చూడండి. చిన్నాన్నను అడిగితే "బాగానే నడుస్తాను" అంటారు. గుమ్మం దాటాలంటే మాత్రం రెండు చేతులతో మోకాలు పట్టి, ఎత్తి అవతల పెట్టుకుంటారు. పెద్దవాళ్లకు బాధ చెప్పుకోవడం నామోషీ. ఎన్ని అడుగులకు ఆగుతారో, మెట్టు ఎలా ఎక్కుతారో రాసుకోండి. ఒడియా కాగితంలో ప్రతి వాక్యమూ తెలుగులో వినిపించాకే సంతకం పెట్టించండి. లోపల ప్రశ్నలకు ఆయననే మాట్లాడనివ్వండి. దాచిపెడితే గుమ్మం సంగతి గుర్తుచేయండి.