ప్రాణంగా చూసుకున్న వస్తువు పోతే ఏం చేయాలి?

వస్తువు ఖరీదుకీ, అది పోతే కలిగే బాధకీ సంబంధం ఉండదు. మూడేళ్ల పిల్ల బుగ్గకి ఆనించుకుని పడుకునే చిరుగు దుప్పటి, అమ్మ ఆఖరి రోజుల్లో కట్టుకున్న నేత చీర, తాతయ్య చేతిరాతతో ఉన్న పద్దుల పుస్తకం... బజార్లో వీటికి పది రూపాయలు కూడా రావు. ఇంట్లోవాళ్లకి మాత్రం అవి కనబడకపోతే అన్నం సయించదు. అలాంటప్పుడు "పోతే పోయిందిలే" అని పక్కవాళ్లు తేల్చేస్తే ఆ బాధ రెట్టింపవుతుంది. ముందు మనసుపెట్టి వెతకాలి. దొరక్కపోతే దాని గురించి మనసారా మాట్లాడుకోవాలి.

1. ముందు కాసేపు కూర్చోండి

ఏదైనా కనిపించకపోతే కార్తవీర్యార్జునుడి శ్లోకం చదువుకోమని మన ఇళ్లలో పెద్దవాళ్లు చెబుతారు. నమ్మకం ఉన్నా లేకపోయినా, ఆ కాసేపు ఒకచోట కుదురుగా కూర్చోవడం మేలు చేస్తుంది. కంగారులో ఉంటే చూసిన అరలోనే మళ్లీ మళ్లీ చూస్తాం. ఆఖరిసారి అది చేతిలో ఎప్పుడుంది, ఆ తర్వాత ఏం పని చేశారు, ఏ సంచీ పట్టుకెళ్లారు, ఏ బట్టలు వేసుకున్నారు అన్నవి కాగితం మీద రాసుకోండి. ఈలోగా ఇల్లు ఊడవద్దు, చెత్తబండికి చెత్త ఇవ్వొద్దు, మాసిన బట్టలు వాషింగ్ మెషిన్‌లో వేయొద్దు.

ఇంకో ముఖ్యమైన మాట. ఇల్లంతా వెతక్కముందే పనిచేసే ఆమె మీదకో, వచ్చి వెళ్లిన చుట్టాల మీదకో అనుమానం పోనివ్వకండి. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. గొలుసు మర్నాడు పరుపు కింద దొరికినా, ఆమె పడ్డ అవమానం మాత్రం అలాగే ఉండిపోతుంది.

2. ఇంట్లో చిన్న వస్తువు పడిపోతే

చెవిదిద్దు శీల, ముక్కుపుడక, పట్టీ మువ్వ లాంటివి నిలబడి చూస్తే కనిపించవు. గదిలో లైట్లు ఆర్పేసి, టార్చి నేలకి ఆనించి అడ్డంగా వెలుగు పడేలా తిప్పండి. ఎంత చిన్నదైనా దాని నీడ పొడుగ్గా పడుతుంది, లోహమైతే తళుక్కుమంటుంది. అయినా కనబడకపోతే మెత్తటి చీపురుతో గోడల వైపు నుంచి గది మధ్యలోకి ఊడ్చి, ఆ దుమ్మంతా జల్లెడ పట్టండి.

వాష్‌బేసిన్‌లో ఉంగరం జారిపడితే వెంటనే కుళాయి కట్టేయండి. నీళ్లు వదిలినకొద్దీ అది లోపలికి కొట్టుకుపోతుంది. బేసిన్ కింద గొట్టానికి చిన్న డబ్బాలాంటి భాగం ఉంటుంది, ప్లంబర్లు దాన్ని బాటిల్ ట్రాప్ అంటారు. బరువైనవి ముందు అక్కడే ఆగుతాయి. కింద బకెట్ పెట్టి ఆ డబ్బా అడుగు మూతని నెమ్మదిగా తిప్పి ఊడదీస్తే బురదతో పాటు ఉంగరం కూడా బకెట్లో పడే అవకాశం ఎక్కువ.

3. బయట పోతే

రైల్లో మర్చిపోతే 139కి ఫోన్ చేయండి, లేదా రైల్‌మదద్ యాప్‌లో ఫిర్యాదు పెట్టండి. రైలు నంబరు, బోగీ, బెర్తు చెబితే ముందు స్టేషన్లో చూడమని కబురు పెట్టడానికి వీలుంటుంది. పోయిన సామాను ప్రయాణికులకి తిరిగి అప్పగించడానికి రైల్వే రక్షణ దళం ఆపరేషన్ అమానత్ పేరుతో పనిచేస్తోంది కూడా. ఆర్టీసీ బస్సులో అయితే టికెట్ పారేయకండి, దాని మీది వివరాలతో డిపోకి వెళ్లి అడగండి.

ఫోన్ పోతే పోలీసు ఫిర్యాదు నకలుతో, కేంద్ర ప్రభుత్వం నడిపే సీఈఐఆర్ పోర్టల్‌లో దాన్ని ఎవరూ వాడకుండా బ్లాక్ చేయించవచ్చు. 2023 మే నుంచి ఈ సదుపాయం దేశమంతటా ఉంది. అందుకు కావాల్సిన 15 అంకెల ఐఎంఈఐ నంబరు (ఒక్కో ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) బిల్లు మీదో, పెట్టె మీదో ఉంటుంది. పోయాక మనం ఏడ్చేది ఫోన్ కోసం కాదు, అందులోని ఫోటోల కోసం. వేరే ఫోన్‌లో మీ గూగుల్ ఖాతా తెరిచి చూడండి, బ్యాకప్ ఆన్‌లో ఉండి ఉంటే అవి అక్కడే ఉంటాయి.

ఇక పాత బట్టలకి స్టీలు సామాన్లు ఇచ్చే ఆమెకి పొరపాటున అమ్మ చీర వెళ్లిపోయిందనుకోండి. ఆ రోజే కదలాలి. వీళ్లు మామూలుగా తిరిగిన వీధుల్లోనే తిరుగుతారు కాబట్టి చుట్టుపక్కల ఇళ్లలో అడిగితే ఆచూకీ తెలుస్తుంది. తూకానికి వేసిన పుస్తకాలు పాత పేపర్ల కొట్లో బస్తాలకెక్కి, పెద్ద గోదాముకి వెళ్లేదాకా మీకు సమయం ఉన్నట్టే.

4. పోగొట్టుకున్నది పిల్లలైతే

బ్రిటన్‌కి చెందిన పిల్లల వైద్యుడు, మనోవిశ్లేషకుడు డొనాల్డ్ వినికాట్ 1950ల్లోనే ఇలాంటి దుప్పటి ముక్కల గురించీ బొమ్మల గురించీ రాశారు. అమ్మ పక్కన లేనప్పుడు ఆ ధైర్యాన్ని పిల్లలు వాటిలో వెతుక్కుంటారని ఆయన వివరించారు. కాబట్టి అది పోతే వాళ్ల ఏడుపు మొండితనం కాదు.

"కాకి ఎత్తుకుపోయింది" అని చెప్పకండి. చాలా ఇళ్లలో అలవాటుగా వచ్చే మాటే ఇది, కానీ ఆ తర్వాత పిల్లలు ప్రతి కాకినీ అనుమానంగా చూస్తారు, కొంచెం పెద్దయ్యాక మిమ్మల్ని అలాగే చూస్తారు. "నీకు జాగ్రత్త లేదు" అని కూడా అనకండి. వాళ్ల చేయి పట్టుకుని వెతకడానికి వెళ్లండి. స్కూలు ఆయమ్మనీ, ఆటో అంకుల్‌నీ, పార్కు దగ్గర జామకాయలమ్మే ఆమెనీ అడగండి. ఆ అడగడం పిల్లల ఎదుటే జరగాలి. తమ బాధని పెద్దవాళ్లు లెక్కలోకి తీసుకున్నారని వాళ్లకి తెలిసేది అక్కడే.

దొరక్కపోతే "దొరకలేదమ్మా, నాకూ బాధగానే ఉంది" అని నిజం చెప్పండి. ఇంకోటి అప్పటికప్పుడు కొనివ్వకండి. అచ్చం అలాంటిదే తెచ్చి ఇదే అది అంటే అసలు నమ్మరు, వాసన వాళ్లకి తెలుసు. కొన్ని రోజులు పోనిచ్చి, కావాలేమో వాళ్లనే అడగండి. పడుకునేటప్పుడు అమ్మ పాత చీర ముక్క ఇస్తే కొందరు పిల్లలు సర్దుకుంటారు.

5. ఇక దొరకదని తేలిపోతే

ఆ వస్తువు గురించి గుర్తున్నదంతా రాయండి. ఎంత పొడుగు, ఏ రంగు, సొట్ట ఎక్కడ, ఎవరిచ్చారు, ఏ పండక్కి. తర్వాత కుటుంబం వాట్సాప్ గ్రూపులో అడగండి. ఎవరి పెళ్లి ఆల్బంలోనో, ఏ సీమంతం ఫోటోలోనో అమ్మ మెడలో ఆ కాసులపేరు కనిపించవచ్చు. వెనక గోడకి ఆ గడియారం ఉండొచ్చు. అందులోంచి ఆ భాగాన్ని స్టూడియోలో పెద్దది చేయించుకోండి.

బాధ తగ్గడానికి గడువు పెట్టుకోవద్దు. మనిషి గుర్తుగా మిగిలిన వస్తువు పోతే ఆ మనిషి పోయినప్పటి దుఃఖమే మళ్లీ తిరగబెడుతుంది. అది సహజమే.

6. మిగిలినవాటి కోసం ఈ వారమే చేయాల్సినవి

వెనకటివాళ్లు ఇత్తడి బిందెల మీదా స్టీలు గిన్నెల మీదా పేరూ తేదీ చెక్కించేవారు. మంచి పద్ధతి, మనం వదిలేశాం. పిల్లల బొమ్మ లోపలి అంచున ఫోన్ నంబరు దారంతో కుట్టండి. నగలకి రెండు వైపులా ఫోటోలు తీసి, బరువు రాసి పెట్టుకోండి, పోలీసు ఫిర్యాదుకి అవి పనికొస్తాయి. నాయనమ్మ కాసులపేరు కరిగించి కొత్త మోడల్ చేయించాలనుకుంటే, కంసాలికి ఇచ్చే ముందు ఒక్క కాసు తీసి పక్కన పెట్టండి.